అర్ధరాత్రి వాన కబురు ఎవరు చెబుతారు?

పోయిన ఐప్పసి వానల్లో మా ఇంట్లో జరిగిన సంగతి ముందు చెబుతాను. మిగతా మాట ఆ తర్వాత.

సింగానల్లూరు పక్క మా లైను ఇళ్ళు చూసినవాళ్ళకు తెలుసు, రోడ్డుకన్నా రెండడుగులు పల్లంలో ఉంటాయి. ఆ రాత్రి కోడలు నైట్ షిఫ్టుకు పోయింది. కొడుకు పనిమీద తిరుప్పూరులో ఉండిపోయాడు. ఇంట్లో నేను, మా అమ్మ, ఇద్దరు మనవలు. పదకొండు గంటలకు నా ఫోనుకు మెసేజి వచ్చింది. నేను మంచి నిద్రలో ఉన్నాను. అమ్మకు నిద్ర తక్కువ, లేచి ఫోను చేతిలోకి తీసుకుంది. తమిళంలో నాలుగు లైన్లు. అమ్మ తమిళం బాగా మాట్లాడుతుంది, కానీ చదవలేదు. తెలుగూ చదవలేదు. ఫోను తలగడ కింద పెట్టేసి పడుకుంది. రెండున్నరకు నీళ్ళు గడప దాటి వచ్చి చాప తడిస్తే అందరం లేచాము. పిల్లల్ని మంచమెక్కించి, బియ్యం డబ్బా పైకెత్తి, కరెంటు మెయిను ఆపేసరికి మోకాలిదాకా వచ్చేసింది.

తెల్లారినాక మెసేజి చూసి, "ఏమ్మా, నన్ను లేపకూడదా?" అన్నాను.

"రీచార్జి వాళ్ళు పంపినారేమో అనుకుంటి నాయనా. రోజుకు పది వస్తాయి గదా వాళ్ళవి" అనింది.

ఆమెను ఏమనగలం? అదే మెసేజి మా కోడలి ఫోనుకూ పదకొండు గంటలకే వచ్చింది. ఆ ఫోను మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళ పెట్టెలో ఉంది. లోపలికి ఫోను తీసుకుపోకూడదని రూలు. ఉదయం షిఫ్టు విడిచాక చూసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది పాపం, అప్పటికి మేము బురద తోస్తా ఉన్నాము.

ఇంకొక ముచ్చట. మా వెనక లైనులో ఒక వాచ్‌మన్ అన్న ఉన్నాడు. రాత్రంతా ఆయన చేతి రేడియో మోగుతూనే ఉంటుంది. ఆ రాత్రీ మోగింది. పదకొండు నుంచి రెండున్నరదాకా పాటలు వచ్చాయట. మధ్యలో వాన గురించి ఒక్క మాటా రాలేదట. ఏ స్టేషనో నేను చెప్పను, ఎందుకంటే ఇది ఒక స్టేషను తప్పు కాదు. రాత్రి పూట చాలా చోట్ల మైకు ముందు మనిషి ఉండడు, ఎక్కడినుంచో వచ్చే పాటలను యంత్రం అందుకుని పంపుతూ ఉంటుంది.

చూశారా, మాట్లాడే పెట్టెకు వాన సంగతి తెలియదు. వాన సంగతి తెలిసిన పెట్టె మాట్లాడదు. రేడియోను కొత్తగా మారుస్తున్నామని ప్రభుత్వం చెబుతున్న ఈ రోజుల్లో నాకు ఈ ఒక్క సంగతే గొంతులో ముల్లులా ఉంది.

మార్పు జరుగుతున్న మాట నిజం. ఆకాశవాణి, దూరదర్శన్ రెండింటినీ బాగుచేయడానికి కేంద్రం 2023 జనవరిలో 2,539.61 కోట్ల రూపాయల పథకం ఒప్పుకుంది. అదే ఏడాది ఏప్రిల్ 28న ప్రధానమంత్రి ఒక్క రోజున 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు ప్రారంభించారు, 18 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో 84 జిల్లాలకు. ఒక్కొక్కటి 100 వాట్లది. దేశ జనాభాలో 80 శాతానికి ఆకాశవాణి ఎఫ్ఎం అందాలనేది లక్ష్యం. ఎఫ్ఎంలో మాట శుభ్రంగా వినిపిస్తుంది, పెట్టె చవక, పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటరులాగా కరెంటు తాగదు. ఇదంతా మంచిదే, కాదనను.

అయితే మనవాళ్ళు చాలామందికి తెలియని తేడా ఒకటుంది. మీడియం వేవ్ నేలను పట్టుకుని పాకుతూ పోతుంది. కోయంబత్తూరు 999, మదురై 1269 అని మన తాతలు ముల్లు తిప్పి పెట్టుకున్నవి ఆ రకమే. మధ్యలో గుట్ట ఉన్నా, మలుపు ఉన్నా చాలా దూరం వస్తుంది. ఎఫ్ఎం అట్లా కాదు, టార్చిలైటు వెలుతురులాంటిది, ఎదురుగా ఉన్నంత మేరకే. కొడైకానల్ 100.5 మదురైలోనూ, ఇంకా ఎన్నో జిల్లాల్లోనూ గణగణ వినిపిస్తుందంటే అది కొండమీద కూర్చుని ఉంది కనుక. 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరు పది పదిహేను కిలోమీటర్ల చుట్టుపక్కలకు సరిపోతుంది, అంతే. కాబట్టి పాతది ఆపే ముందు కొత్తది ఏ మూలదాకా వినిపిస్తుందో రేడియో చేతిలో పట్టుకుని నడిచి చూడాలి. మ్యాపులో గీత గీస్తే చాలదు.

డిజిటల్ రేడియో అని ఇంకొకటి, డీఆర్ఎం అంటారు. ఆకాశవాణి ముప్పైకి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను దానికి తగ్గట్టు మార్చింది. అందులో నాకు నచ్చిన గుణం ఒకటుంది. ప్రమాద సమయంలో స్టేషను నుంచి సైగ వస్తే, నిద్రపోతున్న రేడియో తనంతట తానే లేచి హెచ్చరిక చదివే ఏర్పాటు అందులో పెట్టవచ్చు. వినడానికి ఎంత బాగుంది! ఒప్పణక్కార వీధిలో నాలుగు దుకాణాల్లో ఆ రేడియో ఉందా అని అడిగాను. ముగ్గురికి పేరే తెలియదు. నాలుగో ఆయన తెప్పిస్తానని చెప్పిన ధరకు మా ఇంటికి రెండు నెలలు బియ్యం పప్పు వస్తాయి.

తనంతట తాను లేచే పెట్టె కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో వాతావరణ శాఖకు వాన, గాలి కబుర్లకోసమే వేరే రేడియో ఉంది. వెయ్యికి పైగా ట్రాన్స్‌మిటర్లు, ఇరవైనాలుగు గంటలూ అదే పని. ఇంట్లో చిన్న పెట్టె పెట్టుకుంటారు. మామూలుగా మూగగా ఉంటుంది. మన జిల్లాకు హెచ్చరిక వస్తే మాత్రం గట్టిగా కూత పెట్టి, తర్వాత మాట్లాడుతుంది. పక్క జిల్లాకు వస్తే మన నిద్ర చెడగొట్టదు. అంత దూరం పోనక్కరలేదు, మన దేశంలోనూ 1980లలో ఇట్లాంటిది వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన సంగతి ఆంధ్రలో చుట్టాలున్న ప్రతి ఇంటికీ తెలుసు. దాదాపు పది వేల మంది పోయారు. ఆ తర్వాత ఇన్సాట్ ఉపగ్రహం వచ్చాక, మద్రాసులోని తుఫాను హెచ్చరికల కేంద్రం నుంచి నేరుగా తీరంలోని పెట్టెలకు కబురు పంపే ఏర్పాటు చేశారు. ముందు తమిళనాడు, ఆంధ్ర తీరంలోనే పెట్టారు. ఏ జిల్లాను పిలిస్తే ఆ జిల్లా పెట్టె మాత్రమే సైరను మోగించి, ఆ చోటి భాషలో చదివేది. 1990 మే నెలలో కృష్ణా జిల్లా పక్కనే మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. అప్పటికి కబురు ముందే అందింది, లక్షన్నర మందికి పైగా తరలించారు. పోయినవాళ్ళు 967 మంది. ఆ 967 తక్కువేం కాదు. కానీ పది వేల పక్కన పెట్టి చూడండి.

ఆ పెట్టెలు సర్కారు ఆఫీసుల్లో ఉండేవి. ఆఫీసు నుంచి గుడిసెదాకా వచ్చే ఆఖరి మైలు మాత్రం మనిషి నడవాల్సిందే. ఇప్పటికీ తెగేది ఆ ఆఖరి మైలులోనే.

ఫోను సంగతి చూద్దాం, అదే ఇప్పుడు పెద్ద మాట కదా. 2023 అక్టోబరులో తమిళనాడు అంతా ఫోన్లు ఒక్కసారిగా కీచుమని కూసి, కంగారుపడి, తర్వాత "ఇది పరీక్ష మాత్రమే" అని చదువుకున్నాము, గుర్తుందా? మిల్లు కాంటీనులో టీ గ్లాసు జారవిడిచినవాళ్ళూ ఉన్నారు. అది మామూలు ఎస్ఎంఎస్ కాదు. ఒక టవరు కింద ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి పోయే కబురు. నంబరు అక్కరలేదు, నెట్టు అక్కరలేదు, లైను రద్దీ అయినా ఆగదు. చాలా గొప్ప ఏర్పాటు. ఆ కీచు శబ్దమే ఆ రాత్రి వచ్చి ఉంటే మా అమ్మ నన్ను లేపేది. వచ్చింది మామూలు మెసేజి. పాత బటన్ ఫోన్లలో చాలావాటికి ఆ కూత రానే రాదు. మన ముసలివాళ్ళ చేతుల్లో ఉన్నవి అవే.

ఇంకా ఒక లోటు. టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు నడుపుతుంది. 2018 నవంబరు 16న గజ తుఫాను నాగపట్నం, వేదారణ్యం మధ్య దాటినప్పుడు డెల్టా జిల్లాల్లో లక్షకు పైగా కరెంటు స్తంభాలు పడ్డాయి. కొన్ని ఊళ్ళకు వారాల తరబడి కరెంటు లేదు. చార్జింగు లేని ఫోను ఎందుకు పనికొస్తుంది? రెండు బ్యాటరీలు వేసిన రేడియో అట్లాంటప్పుడు కూడా మాట్లాడుతుంది. ఈ కారణం చెప్పే 2023లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్ల కంపెనీల సంఘాలకు సలహా పంపింది, ఫోనులో ఎఫ్ఎం రేడియోను మూసేయకండని. మీ ఫోనులో ఎఫ్ఎం ఉందేమో చూసుకోండి. వైరు ఇయర్‌ఫోను గుచ్చాలి, ఆ వైరే ఏరియలు. నెట్టు ఖర్చు పైసా లేదు.

అసలు కష్టం భాషది. "మన తెలుగువాళ్ళకు తెలుగులో మెసేజి పంపాలి" అని ఒక సంఘం మీటింగులో ఒకరు లేచి అన్నారు. చప్పట్లు కొట్టాము. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఎవరికి ఉపయోగం? మా మనవలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం వాళ్ళకు ముగ్గులాగా కనబడుతుంది. అమ్మకు ఏ అక్షరమూ రాదు. ఈ పత్రికే తీసుకోండి, మన ఇళ్ళలో ఒకరు చదివితే నలుగురు వింటారు. ఆ ఒకరు లేని రాత్రి ఏం చేయాలి? కాబట్టి మనకు కావలసింది తెలుగు అక్షరం కాదు, తెలుగు మాట. చెవిన పడే మాట. తమిళంలో చెప్పినా సరే, గొంతుతో చెబితే అమ్మకు అర్థమవుతుంది. అదే మాట వెంటనే రెండు వాక్యాలు తెలుగులోనూ చెబితే, కంగారులో తమిళం తడబడే మన పెద్దవాళ్ళకు ఇంకా త్వరగా తలకెక్కుతుంది.

చెప్పే మాట కూడా మనిషికి అర్థమయ్యేదిగా ఉండాలి. "ఆరెంజ్ అలర్ట్" అంటే మా లైనులో ఎంతమందికి తెలుసని అడిగాను. నారింజ రంగు పొగ వస్తుందా అని ఒక పెద్దామె నవ్వుతూ అడిగింది. వాతావరణ శాఖ లెక్కలో ఆరెంజ్ అంటే ఒక రోజులో సుమారు 12 నుంచి 20 సెంటీమీటర్ల వాన. రెడ్ అంటే 20కి పైన. సెంటీమీటరు అంటే మనకేం తెలుస్తుంది? బిందెల్లో చెబుతాను. పదడుగులు, ఇరవై అడుగుల లైను ఇల్లు అనుకోండి. 12 సెంటీమీటర్లు కురిస్తే ఆ ఒక్క కప్పుమీద పడే నీళ్ళు సుమారు 150 బిందెలు. లైనులో ఇరవై ఇళ్ళుంటే 3,000 బిందెలు. అవన్నీ మన ముందున్న ఒక్క సాక్కడలోనే పోవాలి. ఆ సాక్కడలో ప్లాస్టిక్ కవర్లు ఎన్ని ఉన్నాయో మీరే చూసుకోండి.

మదురైలో మా చెల్లెలిది సెల్లూరు పక్క. 2024 అక్టోబరు 25న అక్కడ పదిహేను నిమిషాల్లోనే 4.5 సెంటీమీటర్లు కురిసింది. పందల్కుడి కాలువ పొంగి వీధులు చెరువులయ్యాయి. "అన్నా, తలుపు మూసే లోపల నీళ్ళు వచ్చేసినాయి" అని ఫోనులో ఏడ్చింది. అట్లాంటి వానకు ముందురోజు చెప్పే రంగు హెచ్చరిక పెద్దగా పనికిరాదు. వాతావరణ శాఖ రాబోయే రెండు మూడు గంటలకు విడిగా కబురు ఇస్తుంది. దాన్ని అప్పటికప్పుడు పాట ఆపి చెప్పాలి. సాయంత్రం వార్తల్లో చెప్తే మురుగు ఎత్తిపోసుకునేటప్పుడు విన్నట్టుంటుంది.

అదే మదురైలో మంచి పద్ధతీ ఒకటుంది, చెప్పకపోతే పాపం. వైగై డ్యాము ఎత్తు 71 అడుగులు. నీళ్ళు 66 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 68.5కు రెండోది, 69కి మూడోది. సైరను మోగుతుంది. నది ఒడ్డున ఉన్న ఐదు జిల్లాలకు కబురు పోతుంది. మా చెల్లెలి అత్త బడి ముఖం చూడలేదు, కానీ "అరవయ్యారు దాటిందంట, ఇంక యానైక్కల్ పక్క పోవద్దు" అని టక్కున చెబుతుంది. మాకు ఉత్తరాన మేట్టుపాళయం వాళ్ళకు పిల్లూరు డ్యాము లెక్క అట్లాగే తెలుసు, నూరడుగుల డ్యాములో 97 వస్తే భవానీ ఒడ్డు ఖాళీ చేయాలి. రంగులకన్నా ఆ అంకె మేలు. ఏ అంకెకు ఏం చేయాలో అందరికీ ముందే తెలుసు.

మన మిల్లు సంగు కూడా అట్లాంటిదే కదా. గడియారం లేని ఇళ్ళలో సంగు వినే అన్నం వండేవాళ్ళు, పిల్లల్ని బడికి పంపేవాళ్ళు. వేళకాని వేళ సంగు ఊదితే మిల్లులో నిప్పంటుకుందని వీధి వీధీ కదిలిపోయేది. చదువు అక్కరలేదు, రీచార్జి అక్కరలేదు. ఇప్పుడు ఎన్‌టీసీ మిల్లులు 2020 మార్చి నుంచి ఆగిపోయి ఉన్నాయి. చాలా చోట్ల సంగు తుప్పుపట్టి ఆ పైకప్పుమీదే ఉంది. నడుస్తున్న కొత్త మిల్లుల్లో గంట లోపల మాత్రమే మోగుతుంది.

పాంబన్‌లో జాలరివాళ్ళకు కడల్ ఓసై అని 90.4లో చిన్న సముదాయ రేడియో ఉంది, 2016 నుంచి. సముద్రంమీద గాలి ఎట్లా ఉందో వాళ్ళ మాటలో వాళ్ళకే చెబుతుంది. 1964 డిసెంబరులో ధనుష్కోటిని, ప్యాసింజరు రైలుతో సహా, సముద్రం మింగిన ఒడ్డు అది. అక్కడివాళ్ళకు అట్లాంటి రేడియో ఉండడం న్యాయమే. చెరువు గట్టుకింద, కాలువ పక్కన పల్లంలో ఉన్న మిల్లు కాలనీలకు కూడా అట్లా మన మాటలో చెప్పేవాళ్ళు ఉంటే ఏం పోయింది?

ఊరికే రాసి వదలకుండా మా లైనువాళ్ళం పోయిన ఆదివారం కూర్చున్నాము. రెండు అర్జీలు రాశాము. ఒకటి కలెక్టరుకు, ఒకటి ఆకాశవాణికి. ఆకాశవాణికి మేము అడిగింది ఇంతే: ఆరెంజ్, రెడ్ ఉన్న రాత్రుల్లో మైకు దగ్గర మనిషిని పెట్టండి, లేదా హెచ్చరిక వస్తే పాట తనంతట ఆగి మాట వచ్చే ఏర్పాటు చేయండి. తమిళం తర్వాత మన వీధుల్లో మాట్లాడే భాషల్లో రెండేసి వాక్యాలు చెప్పండి. కొత్త ట్రాన్స్‌మిటరు మా పల్లంలో వినిపిస్తుందని చూశాకే పాతది ఆపండి. కలెక్టరుకు రాసినదాంట్లో, మిల్లు గేటు సెక్యూరిటీ వాళ్ళకు కూడా హెచ్చరిక నేరుగా పోవాలి, లోపల నైట్ షిఫ్టులో ఉన్న ఆడవాళ్ళకు, హాస్టలు పిల్లలకు వాళ్ళు వెంటనే చెప్పాలని అడిగాము. మీ కాలనీలోనూ రాయండి. కాపీ కావాలంటే పత్రిక ఆఫీసులో ఇచ్చి ఉంచాను.

జవాబు వచ్చేలోపల వాన ఆగదు కదా. అందుకని వాచ్‌మన్ అన్న రేడియోకు బ్యాటరీలు ఇంటికి రెండు రూపాయలు వేసుకుని కొంటున్నాము. మెసేజి చదవగలిగిన పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో ఒక అట్టమీద రాసి కొళాయి దగ్గర తగిలించాము. రాత్రి ఫోను మోగితే ఏ ముసలివాళ్ళు ఎవరి తలుపు తట్టాలో అందులో ఉంది. అమ్మకు ఎదురింటి పదో క్లాసు పాప పేరు పడింది. మొన్న రాత్రి పన్నెండుకు అమ్మ ఆ పాపను లేపేసింది. చూస్తే నిజంగానే రీచార్జి మెసేజి. పాప విసుక్కోలేదు, "మళ్ళీ వస్తే మళ్ళీ లేపవ్వా" అని చెప్పి పోయి పడుకుంది.